అమ్మేసిన ఐసుకు ఇప్పుడు ఖర్చు రాయమంటే ఎలా?

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,
కావలి నుంచి నమస్కారాలతో.

అయ్యా,

నేను కావలిలో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ని. ఒక ఐసు ఫ్యాక్టరీ, రెండు పిండి మరలు, ఒక రైసు మిల్లు, అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న కొందరు రైతులు, చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ పెట్టుకున్న మా బంధువు ఒకాయన. వీళ్లందరి కరెంటు బిల్లులూ నెలనెలా నా బల్ల మీదికే వస్తాయి. కరెంటు రేట్లు పెంచొద్దని మీకొచ్చే అర్జీలకు కొదవ ఉండదు కాబట్టి ఆ మాట నేను మళ్లీ రాయను. పెంచక తప్పకపోతే పెంచండి. ఆ పెంచేదేదో మేం సరుకు అమ్ముకోకముందే చెప్పండి. నా గొడవంతా దీని గురించే.

2024 డిసెంబర్ బిల్లులు వచ్చినప్పుడు సంగతి ఇది. 2022-23లో డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కరెంటు కొనడానికి అదనంగా పెట్టిన ఖర్చు కింద సుమారు 6,072 కోట్లు, 2023-24 ఖర్చు కింద సుమారు 9,412 కోట్లు జనం దగ్గర వసూలు చేసుకోవచ్చని మీరు ఆర్డర్లు ఇచ్చారు. రెండూ కలిపి 15 వేల కోట్ల పైమాట. అంత మొత్తం ఎందుకైంది, ఎవరి హయాంలో అయింది అని రాజకీయ నాయకులు రోడ్ల మీద తేల్చుకున్నారు, ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఆ పంచాయితీ నాకొద్దు. నా ముందున్నది ఐసు ఫ్యాక్టరీ లెడ్జరు.

ఐసు ఫ్యాక్టరీ అంటే మీలో కొందరు లోపలికి వెళ్లి చూసి ఉండకపోవచ్చు. పెద్ద ఉప్పునీళ్ల ట్యాంకు, దాని మీద చెక్క మూతలు, మూతల కింద మంచినీళ్లు నింపిన ఇనుప డబ్బాలు. అమ్మోనియా కంప్రెసర్ రాత్రింబవళ్లు తిరిగితే ఒకరోజు తర్వాత డబ్బాలో దిమ్మ కడుతుంది. దాన్ని గొలుసుతో పైకి లాగి, నీళ్ల తొట్లో ఒక్క ముంచు ముంచి బోర్లిస్తే జారి బయటికొస్తుంది. అక్కడ జీతాలున్నాయి, నీళ్లున్నాయి, ఉప్పుంది, అప్పుడప్పుడూ గ్యాసు నింపడముంది, కానీ నిజమైన ముడిసరుకు మాత్రం కరెంటే. టన్ను ఐసుకు అటూఇటూగా 60 యూనిట్లు కాలతాయి. రోజుకు 10 టన్నులు తీసే ఫ్యాక్టరీ నెలలో 25 రోజులు నడిస్తే 15,000 యూనిట్లు. యూనిట్ 6.70 రూపాయల చొప్పున లక్ష రూపాయలు కరెంటుకే. దీని మీద 40 పైసలు పడితే నెలకు 6,000. రూపాయి పడితే 15,000. నలుగురు పనివాళ్లున్న చోట 15,000 అంటే దాదాపు ఒక మనిషి జీతం.

రేటు ముందే తెలిస్తే ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. రొయ్యల పట్టుబడి చేయించే వ్యాపారులతో సీజను మొదట్లోనే దిమ్మకు ఇంత అని ఒప్పందం మాట్లాడుకుంటాడు. కరెంటు పెరిగిందంటే దిమ్మ మీద రెండు రూపాయలు కలుపుతాడు. వాళ్లు గొణుగుతారు, బేరమాడతారు, చివరికి ఒప్పుకుంటారు, ఎందుకంటే పక్క ఫ్యాక్టరీకీ అదే కరెంటు, అదే రేటు. ఆ రెండు రూపాయలు వ్యాపారి నుంచి గుంట గట్టు మీది రేటుకూ, అక్కడి నుంచి ప్లాంటుకూ పాకుతాయి. ఎవరి వాటా ఎంతో బేరాల్లో తేలిపోతుంది.

2022-23 ఖర్చు 2024 డిసెంబర్లో వస్తే బేరమాడటానికి అవతల మనిషే ఉండడు. ఆ బిల్లు చూసి ఐసు ఫ్యాక్టరీ ఆయన అన్న మాట ఇది: "అన్నా, ఆ ఐసు కరిగి కాలవల్లో కలిసి రెండేళ్లయింది. ఇప్పుడు దాని ఖర్చు ఎవుర్ని అడగాల?"

నేనేం చెప్పను? ఆ ఏడాది ఆయనకు లాభం వచ్చిందని లెక్క తేల్చింది నేనే. దాని మీద ఆదాయపు పన్ను కట్టించిందీ నేనే. ఆ లాభం చూసుకునే, ఆయన భాగస్వామి ఒకాయన 2023 మార్చితో లెక్క తేల్చుకుని, తన వాటా పట్టుకుని హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ ఏడాది కరెంటు మేం అనుకున్నంత చవగ్గా కాలలేదని తేలింది. వెళ్లిపోయినాయన వాటాకు రావాల్సిన ఖర్చు కూడా ఉన్నాయన నెత్తినే పడింది. ఫోన్ చేసి అడగమంటారా? ఇరవై ఏళ్ల స్నేహం అది. ఆయన అడగలేదు.

మరో చిత్రం చెబుతాను. మీటరు రీడింగుకొచ్చే కుర్రాడు మిషన్లోంచి తీసిచ్చే బిల్లు కాగితం మీది అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది. అందుకే వచ్చిన బిల్లు వచ్చినట్టు జిరాక్సు తీయించి ఫైల్లో పెడతాను. జిరాక్సు తీయించుకోని వాళ్ల దగ్గర ఆనాటి బిల్లులు తెల్ల కాగితాలు. ఆ తెల్ల కాగితం మీది యూనిట్లకు ఇప్పుడు అదనపు ఛార్జీ. లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవాలన్నా వాళ్ల చేతిలో ఏమీ లేదు.

ఇళ్ల సంగతి ఇంకోలా ఉంది. కావలి కాలేజీల ఊరు. జవహర్ భారతి కాలం నుంచీ చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నారు. గది ఖాళీ చేసి పోయినవాడు కాల్చిన కరెంటుకు కొత్తగా దిగినవాడి బిల్లులో తేడా పడుతుంది, ఎందుకంటే లెక్క మనిషిది కాదు, సర్వీసు నంబరుది. ఇంటి ఓనర్లు ఇది కనిపెట్టారు. రేపు ఏం మీద పడుతుందోనని అద్దెతోపాటే కరెంటుకు ఒక గుండుగుత్త రేటు పెట్టి, దాంట్లో తమ జాగ్రత్త తాము చూసుకుంటున్నారు. ట్రూ-అప్, అంటే ఇలా పాత ఖర్చు తేడాను తర్వాత సర్దే ఛార్జీ, వచ్చినా రాకపోయినా ఆ గుండుగుత్త మాత్రం తగ్గదు. మీ ఆర్డర్లలో ఎక్కడా కనిపించని పెంపు ఇది.

ఈ ఆలస్యం నిన్నా మొన్నా మొదలైంది కాదు. 2014 నుంచి 2019 దాకా పంపిణీ వ్యవస్థకైన ఖర్చులో తేడాను 2022 ఆగస్టు నుంచి వసూలు చేశారు. 2014లో డిగ్రీలో చేరిన పిల్లవాడు చదువు ముగించి, ఉద్యోగం చూసుకుని, పెళ్లి చేసుకుని, కొత్త మీటరు పెట్టించుకునేంత కాలం అది. విద్యుత్ చట్టం 2003లో 56(2) అని ఒక నిబంధన ఉంది. బాకీ పడిన రెండేళ్లలోగా అడగకుండా, బిల్లుల్లో వరుసగా చూపకుండా ఊరుకుంటే వినియోగదారుడి దగ్గర అది వసూలు చేయడానికి లేదని దాని సారాంశం. చదివి సంబరపడ్డాను. తర్వాత ఒక వకీలు మిత్రుడు నీళ్లు చల్లాడు. బిల్లు ఇచ్చినప్పుడే బాకీ మొదలవుతుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందట. అంటే బిల్లు ఎంత ఆలస్యంగా ఇస్తే బాకీ అంత ఆలస్యంగా పుడుతుంది. చట్టప్రకారం సరే. వ్యాపారం చేసేవాడికి మాత్రం ఆ రెండేళ్ల రక్షణ ఉన్నట్టా, లేనట్టా?

డిస్కంల కష్టం నాకు తెలియదని అనుకోకండి. మా జిల్లాలోనే, ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. బొగ్గు ఓడల మీద కృష్ణపట్నం రేవుకు వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత విదేశీ బొగ్గు టన్ను 400 డాలర్లు దాటిన రోజులున్నాయి. ఆ బొగ్గు కొన్నా నష్టమే, కొనకుండా పవర్ ఎక్స్ఛేంజీలో కరెంటు కొన్నా నష్టమే. ఆ ఏప్రిల్‌లోనే పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. వారానికో రోజు మూత, రోజంతా నడవాల్సిన వాటికి సగం వాడకమే అన్నారు. ఐసు ఫ్యాక్టరీ సగం నడవడమంటే ఏమిటో తెలుసా? ట్యాంకులో ఉప్పునీళ్ల చలి దిగిపోతుంది, దాన్ని మళ్లీ మొదటికి తేవడానికి కాలే యూనిట్లకు ఒక్క దిమ్మ కూడా రాదు.

అందుకే నేను చౌక కరెంటు కావాలని అడగటం లేదు. డిస్కం దివాలా తీస్తే ముందు మునిగేది మేమే. అల్లూరు వైపు రొయ్యల రైతును అడగండి. తెల్లవారుజామున రెండింటికి కరెంటు పోతే గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి, కాసేపట్లో ఊపిరాడక రొయ్య తల పైకెత్తుతుంది. జనరేటర్ స్టార్ట్ చేయాల్సిందే. లీటరు డీజిల్‌కు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి. డీజిల్ వంద రూపాయల దగ్గరుంది. అంటే ఆ కరెంటు యూనిట్ 30 రూపాయలు పడుతుంది. యూనిట్‌కు అర్ధరూపాయి ఎక్కువైనా సరే, రాత్రిపూట పోకుండా ఇస్తే చాలని ఆ రైతులు నాతో ఎన్నోసార్లు అన్నారు. ఆక్వా జోన్లలో నమోదైన పదెకరాల లోపు వాళ్లకు ప్రభుత్వం రూపాయిన్నరకే ఇస్తోంది. అసలు రేటు 3.85. జోను గీత అవతల గుంట ఉన్నవాడు పంటకు 12,000 యూనిట్లు కాల్చాడంటే ఒడ్డున పక్కవాడి కంటే 28,000 రూపాయలు ఎక్కువ కడుతున్నాడు. ఇద్దరి రొయ్యా ఒకే లారీలో పోతుంది, ఒకే కౌంట్‌కు ఒకే రేటు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రేట్లు కుదేలైనప్పుడు గుంటలు ముందుగా ఎండబెట్టింది ఈ గీత అవతలివాడే. రాయితీ గీత ఎక్కడ గీయాలన్నది ప్రభుత్వం పని కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

చీమకుర్తి సంగతి మాత్రం చెప్పాలి. అక్కడి గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది, కానీ చాలావరకు ముడి దిమ్మలుగానే, ముఖ్యంగా చైనాకు. కోత, పాలిష్ ఇక్కడే జరిగితే ఒంగోలు చుట్టుపక్కల పని దొరుకుతుందని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. ఒక దిమ్మను పలకలుగా కోయాలంటే గ్యాంగ్‌సా అనే రంపాల మిషను రాత్రింబవళ్లు ఆగకుండా ఆడాలి. మధ్యలో ఆగిందా, పలక మీద గీత పడుతుంది, ఆ పలక సెకండ్స్ కింద పోతుంది. పాలిష్ చేసి అమ్మడంలో మిగిలేదే కొంచెం, అందులో పెద్ద ఖర్చు కరెంటు. మా బంధువు విదేశీ కొనుగోలుదారుకు ఆర్నెల్లకు చదరపు అడుగుకు ఇంత అని రేటు రాసిస్తాడు. మధ్యలో పాత బాకీ ఒకటి తగిలితే ఆ ఆర్నెల్లూ ఉత్తి చాకిరీ. ఇక ఆయనకు తోచే ఉపాయం ఒకటే: కోయడం మానేసి దిమ్మ దిమ్మగానే అమ్మించి కమీషన్ తీసుకోవడం. పాలిషింగ్‌లో పనిచేసే పాతికమందికి ఆ కమీషన్లో వాటా ఉండదు. రేటు పెరిగితే పనులు పోతాయని అందరూ అంటారు. నేను చూసినంతలో, రేటు ఎంతో తెలియనప్పుడు ఇంకా త్వరగా పోతాయి.

బ్యాంకుల దగ్గరా ఇదే తంటా. ఐసు ఫ్యాక్టరీ ఆయన పాత కంప్రెసర్ తీసేసి తక్కువ కరెంటు తాగేది పెట్టాలనుకున్నాడు. లోను కోసం మూడేళ్ల అంచనా లెక్కలు వేసిమ్మన్నారు. యూనిట్ ఖర్చు ఎంత వేయాలి? 6.70 వేశాను, ఎఫ్‌పీపీసీఏ అనే నెలవారీ కొనుగోలు ఖర్చు సర్దుబాటు 40 పైసలు కలిపాను, విద్యుత్ సుంకం రూపాయి కలిపాను. "పాత ట్రూ-అప్‌లు ఇంకేమన్నా పెండింగ్ ఉన్నాయా?" అని మేనేజరు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరుంది. కంప్రెసర్ ఇంకా పాతదే ఆడుతోంది, ఎక్కువ కరెంటే తాగుతోంది.

ఆ రూపాయి సుంకం మీది కాదు, ప్రభుత్వానిది. 2022లో పరిశ్రమలకు, వాణిజ్యానికి 6 పైసల నుంచి ఒక్కసారిగా రూపాయి చేశారు. భారమే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. అది వేసిన నెల నుంచే బిల్లులో కనిపించింది, ఐసు ఫ్యాక్టరీ ఆయన వెంటనే దిమ్మ రేటు సవరించుకున్నాడు, కథ అక్కడితో అయిపోయింది. నాకు నచ్చని పన్నే అయినా నా లెక్కల పుస్తకానికి దాంతో పేచీ లేదు.

పిండి మర ఆమెకు ఆ వెసులుబాటు కూడా లేదు. కిలోకు రూపాయి పెంచితే ఆడవాళ్లు ప్యాకెట్ పిండి కొనుక్కుంటారు. "ఏం జేస్తా అబ్బయ్యా, పొద్దున పూట బంద్ చేసినా" అంది. ఇప్పుడు ఆమె సాయంత్రం మాత్రమే మర తిప్పుతుంది. మోటరు తిరిగినా తిరక్కపోయినా కిలోవాట్ లెక్కన పడే ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం పూర్తిగానే పడుతుంది.

అసలు ఈ జాప్యం ఎందుకో మీకు నేను చెప్పాలా? 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద ఉద్యమం చేస్తున్నవాళ్ల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వానికీ రేటు పెంచామని బాహాటంగా చెప్పే ధైర్యం నిలకడగా లేదు. 2024-25కూ, 2025-26కూ టారిఫ్ ఆర్డర్లలో పెంపు లేదు, మంచిదే. అయితే టారిఫ్ ఆర్డర్ వచ్చినప్పుడు పెంపు లేదని పేపర్లలో పెద్దక్షరాలతో వస్తుంది, అసలు ఖర్చు రెండేళ్ల తర్వాత ట్రూ-అప్ పేరుతో చిన్నక్షరాల్లో బిల్లెక్కుతుంది. ఆ ఆర్డర్లోనే పెరిగే రేటును దిమ్మ ధరలో కలుపుకోవచ్చు, రెండేళ్ల తర్వాత వచ్చేదాన్ని ఎవడి జేబులోంచైనా తీసి కట్టాల్సిందే.

మొన్న మీరే దీన్ని తిరగేసి చూపించారు. 2024-25కు ఎక్కువ వసూలైందని, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కివ్వమన్నారు. ఇవ్వమన్నందుకు ధన్యవాదాలు, నిజంగానే. కానీ ఆ ఏడాది ఐసు ఎక్కువ రేటుకు కొన్నవాడికి ఆ 13 పైసలు చేరవు. పాత బాకీ పోయిన దారిలోనే వెనక్కి రావడం కూడా దారి తప్పింది.

నెలనెలా 40 పైసల దాకా అప్పటికప్పుడే సర్దుబాటు చేసే పద్ధతి 2023 నుంచి పెట్టారు. దాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ, నాకు మాత్రం అదే కాస్త నయమనిపిస్తుంది. కనీసం వాడిన కాలానికి దగ్గరగా ఉంటుంది. 40 పైసలు దాటింది మళ్లీ పోగుపడి ఏళ్ల తర్వాత మీద పడకుండా చూడండి. కొనుగోలు ఖర్చు తేడా లెక్కలు ఆర్థిక సంవత్సరం ముగిశాక, టారిఫ్ అర్జీలు వేసే నవంబర్ నెలాఖరు లోపే డిస్కంలు మీ ముందు పెట్టాలి. ఆ గడువు దాటితే వాటిని జనం మీద వేయడానికి అనుమతించకండి. వ్యాపారి గడువులోపు రిటర్ను వేయకపోతే జరిమానా కడుతున్నాడు, డిస్కం ఆలస్యానికి కూడా డిస్కమే మూల్యం చెల్లించాలి. ఇంకా తేలాల్సిన పాత తేడాలు ఏ ఏడాదివి, ఎంత ఉన్నాయో తెలుగులో ఒక్క పేజీ రాసి మూడు నెలలకోసారి ప్రకటిస్తే, బ్యాంకు మేనేజరు అడిగినదానికి నేను జవాబిస్తాను. రాయితీ ఇవ్వదలిస్తే ప్రభుత్వం ముందే డబ్బు కట్టాలని చట్టంలోని 65వ సెక్షన్ చెబుతోంది. ఆ డబ్బు వేళకు రాకపోతే, రాలేదని కూడా ఆ పేజీలోనే రాయండి.

చివరిగా, మీ కార్యాలయం కర్నూలులో. మేం నల్లమల దాటి రావాలి. ఏటా జరిపే బహిరంగ విచారణల్లో ఒకదాన్ని ఈసారి నెల్లూరులోనో ఒంగోలులోనో పెట్టండి. నెల్లూరుకు ఒక డిస్కం, ప్రకాశానికి ఒక డిస్కం, ఇద్దరినీ ఒకేచోట అడగడానికి కావలి వాళ్లకు రెండు ఊళ్లూ సమానమే. తేదీ ప్రకటిస్తే బిల్లుల జిరాక్సులన్నీ తీసుకుని వస్తాను, పిండి మర ఆమెనూ పిలుచుకొస్తాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన రావాలంటే మాత్రం రొయ్యల పట్టుబడులు ముమ్మరంగా సాగే రోజులు కాకుండా చూడండి. ఆ రోజుల్లో ఆయన ఫ్యాక్టరీ వదిలి కదలడు.

ఇట్లు,
ఒక లెక్కల గుమస్తా,
కావలి, నెల్లూరు జిల్లా